గోడల ప్రారంభోత్సవం

అబద్ధం రాయడం నాకు చేతకాదు. వీధిబడిలో చదువుకున్నవాణ్ణి. పలక మీద తప్పు రాస్తే మోచేత్తో తుడిచి మళ్ళీ రాయడం నేర్పారు గానీ, లేనిది ఉన్నట్టు రాయడం మా పంతులుగారికే రాదు, ఇక నాకేం నేర్పుతారు. అందుచేత కింద రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా నా సొంతం కాదు. ప్రతి మాటా జరిగిందే. ప్రతి గోడా నేను చేత్తో తడిమి చూసిందే. ఈ సంగతి ముందే చెప్పి మొదలుపెడితే తర్వాత ఎవరికీ అనుమానాలు రావు.

ఆ రోజు మా ఊరి సభలో మంత్రిగారు మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు. గొప్ప ప్రకటనలకి ముందు ఆయన అలాగే సవరించుకుంటారు. తర్వాత అన్నారు:

"సోదరులారా, ఎన్నాళ్ళీ వివక్ష? అప్పు మన ప్రాంతంలో చేస్తున్నాం. ఎగ్గొట్టడం కూడా మన ప్రాంతంలోనే ఎగ్గొడుతున్నాం. తీరా దివాలా తీయాల్సి వచ్చేసరికి రాజధానికి పరిగెత్తాలా? అక్కడి వకీళ్ళ వరండాల్లో మన దివాలాలు చేతులు కట్టుకుని నిలబడాలా? ఇవాళ్టి నుంచి మన దివాలా మన దగ్గరే. ఇది నా మాట."

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. దివాలా తీయడానికి కూడా ఆయన దగ్గర ఏమీ లేదు. అయినా ప్రాంతాభిమానం అలాంటిది.

ఆ సభలోనే ఊళ్ళో ఉన్న ఒక లా ఫర్మ్‌ని 'ప్రాంతీయ బ్యాంకింగ్, ఫైనాన్స్, దివాలా సలహా కేంద్రం'గా ప్రకటించారు. పోటీ లేకుండా ఎంపికైంది. ఊళ్ళో ఆ పని తెలిసిన ఆఫీసు అదొక్కటే మరి. మిగతా వకీళ్ళంతా కొట్లాటలూ సరిహద్దు తగాదాలూ చూసుకునేవాళ్ళు.

ఫర్మ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. కింద ఒక పొడుగాటి హాలు, మేడ మీద ఇల్లు. హాల్లో మూడు బల్లలు. ఒక బల్ల వకీలుగారిది, రెండోది ఆయన భార్య లాయరమ్మది, మూడోది ఆవిడ చెల్లెలిది. ఈ చెల్లెలు, అంటే వకీలుగారి మరదలు, కొత్తగా నల్లకోటు తొడుక్కుంది. మాట్లాడటం మాత్రం పాత అలవాటే. లాయరమ్మ తండ్రి కూడా మేడ మీదే ఉంటాడు. గొడుగుల ఫ్యాక్టరీలో మేస్త్రి. ఊచలు వంచే మిషను చప్పుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు కాస్త మందగించాయి. ఎవరైనా మాట్లాడితే అరచెయ్యి చెవి వెనక దోనెలా పట్టుకుని వింటాడు.

వకీలుగారిని ఊళ్ళో 'షరతుల వకీలు' అంటారు. బ్యాంకులకి ఒపీనియన్లు రాసి రాసి ఆయనకి 'అవును', 'కాదు' అనే మాటలు నోట్లోంచి రాలిపోయాయి. ఆయన ఒపీనియన్లో మొదటి పేజీ అంతా 'పై వివరాలు సరైనవే అయిన పక్షంలో' అనీ, చివరి పేజీ అంతా 'ఇతర కారణాలేవీ అడ్డురాని పక్షంలో' అనీ ఉంటుంది. మధ్య పేజీ ఖాళీ అని గిట్టనివాళ్ళు అంటారు. అది నిజం కాదు, మధ్య పేజీలో ఫీజు ఉంటుంది. ఎవరో బస్టాండుకి దారి ఇదేనా అని అడిగితే, "ఈమధ్య మార్చి ఉండకపోతే, ఇదేనని భావించడానికి ఆస్కారం ఉంది" అన్నాడట. ఆ మనిషి బస్సు తప్పిపోయింది. పెళ్ళిచూపుల్లో మేస్త్రి, "అమ్మాయి నచ్చిందా బాబూ" అని అడిగితే, "ప్రస్తుతానికి అభ్యంతరం కనబడటం లేదు" అన్నాడు. లాయరమ్మ ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు. మరిచిపోయేలా ఆయనా ప్రవర్తించలేదు.

కేంద్రం బోర్డు పెట్టిన మర్నాడే మొదటి కేసు వచ్చింది. మేస్త్రి పనిచేసే గొడుగుల ఫ్యాక్టరీయే.

ఆ ఫ్యాక్టరీ ఓనరు మంత్రిగారి బావమరిది. గొడుగుల కోసమని బ్యాంకులో అప్పు తీసుకున్నారు. ఆ డబ్బు గొడుగుల దాకా రాలేదు. దారిలో ఎక్కడ ఆగిందో ఎవరూ అడగలేదు, అడగడం మర్యాద కాదు. అప్పు తీర్చలేకపోవడానికి కారణం 'వర్షాభావం' అని బ్యాంకుకి రాశారు. ఆ ఏడాది వీధుల్లో పడవలు తిరిగాయని బ్యాంకు మేనేజరు గుర్తుచేస్తే, 'అతివృష్టి వల్ల జనం ఇళ్ళలోంచి కదలలేదు, గొడుగులు కొనలేదు' అని రెండో ఉత్తరం రాశారు. మేనేజరు రెండూ ఫైల్లో పెట్టుకున్నాడు. రెంటికీ స్టాంపులు సరిగ్గా ఉన్నాయి.

ఇప్పుడు ఫ్యాక్టరీ దివాలా తీయాలి. అంటే అమ్మకానికి రావాలి. ఎవరు మంచి ఆఫర్ ఇస్తే వాళ్ళకి పోతుంది, వచ్చిన డబ్బు బ్యాంకుకి జమ అవుతుంది. దీనికి చట్టంలో ఒక్కటే ముఖ్యమైన రూలుంది. ముంచినవాడు మళ్ళీ కొనుక్కోకూడదు. మిగతా రూల్స్ అన్నీ ఈ ఒక్క రూలు చుట్టూ కాపలా తిరుగుతుంటాయి.

మేస్త్రీ, మిగతా పనివాళ్ళూ కలిసి ఒక సొసైటీ పెట్టుకున్నారు. ఉన్నవీ లేనివీ పోగేసి ఫ్యాక్టరీని తామే కొని నడుపుతామన్నారు. ఇంకొకరెవరి చేతికైనా పోతే మిషన్లని పాత ఇనుము కింద అమ్మేసి స్థలాన్ని ముక్కలు కోస్తారని వాళ్ళ భయం. మేస్త్రి అయితే తన మిషనుకి ఆదివారం కూడా వెళ్ళి నూనె రాసి వస్తున్నాడు. ఇంకో చోట పని వెతుక్కునే వయసు కాదు ఆయనది. చెవి కూడా వేరే చప్పుడికి అలవాటు పడదు.

అలా ఓనరు లాయరమ్మ బల్ల దగ్గరికొచ్చాడు. బ్యాంకు మేనేజరు వకీలుగారి బల్ల దగ్గరికొచ్చాడు. ఎవరో కొత్త కంపెనీ పేరుతో నల్లద్దాల పెద్దమనిషి ఒకడు ఫ్యాక్టరీ కొంటానంటూ మరదలి బల్ల దగ్గరికొచ్చాడు. పనివాళ్ళు హాలు మధ్యలో నిలబడ్డారు.

ఇక్కడే చిక్కొచ్చింది. ఒక పక్షం సంగతులు ఇంకో పక్షం వకీలుకి తెలియకూడదు. పెద్ద ఊళ్ళలో పెద్ద ఆఫీసులైతే ఒకరిని ఐదో అంతస్తులో, ఇంకొకరిని పదో అంతస్తులో కూర్చోబెడతారట. ఇక్కడ మూడు బల్లలకీ కలిపి ఒకటే ఫ్యాను.

సంగతి మంత్రిగారి దాకా వెళ్ళింది. ఆయన స్వయంగా వచ్చి హాలు అటూ ఇటూ నడిచి చూశారు.

"రూలు ఏమంటోంది వకీలుగారూ?"

"పక్షాలని వేరువేరుగా ఉంచాలని అన్నట్టుగా అర్థం చేసుకోవచ్చండి."

"అయితే గోడ కట్టండి."

"గోడాండీ?"

"మూడు కట్టండి. నాలుగు పక్షాలకీ నాలుగు గదులు. ఎవరి గది వాళ్ళది, ఎవరి తలుపు వాళ్ళది. న్యాయం జరగడమే కాదు, జరిగినట్టు కనపడాలి. గోడ కన్నా కనపడేది ఏముంటుంది చెప్పండి."

వకీలుగారు తన బల్ల పక్కకి జరపడం మొదలుపెట్టాడు.

గోడలు లేచాయి. కాంట్రాక్టు ఎవరికిచ్చారో నాకు తెలుసు గానీ అది కథకి అవసరం లేదు. మొదటి గది ఓనరుది, అందులో లాయరమ్మ. రెండోది బ్యాంకుది, అందులో వకీలుగారు. మూడోది కొనేవాళ్ళది, అందులో మరదలు. వీటన్నిటికీ వీధిలోకి తలుపులూ, తలుపుల మీద ఇత్తడి బోర్డులూ పెట్టారు. నాలుగోది పనివాళ్ళ గది. దానికి కూడా బోర్డు పెట్టారు. తలుపు మాత్రం పెట్టలేదు. గోడలకి శాంక్షన్ వచ్చింది, తలుపులకి మిగిలిన డబ్బు మూడు గదులకే సరిపోయింది. హాలుకి ఆ చివర వీధి వైపు పాత కిటికీ ఒకటుంది కాబట్టి గాలికి లోటు లేదన్నారు.

మంత్రిగారు మూడు గోడలకీ మూడు రిబ్బన్లు కట్ చేశారు. గోడకి రిబ్బను ఎలా కడతారని కొందరికి సందేహం రావచ్చు. కట్టారు. కట్ చేశాక ఆవలికి వెళ్ళడానికి లేదు కాబట్టి మంత్రిగారు కత్తెర పట్టుకుని అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వారు. నేను ప్రతి గోడనీ చేత్తో తడిమానని మొదట్లో అన్నాను గానీ, సున్నం ఇంకా తడిగా ఉందని దూరం నుంచే చూశాను. ఆ మాటకొస్తే రోడ్డు అవతలి నుంచి. చూపు మాత్రం గట్టిది.

గోడల మీద అజమాయిషీకి ఒక ఆఫీసర్ని కూడా వేశారు. ఆఫర్లు తీసుకోవడం, గోడలు కాపాడటం రెండూ ఆయన డ్యూటీలే. జనం ఆయన్ని గోడాఫీసరు అన్నారు. ఆయనకి కోపం రాలేదు, ఆ పేరుతోనే విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నాడు.

మధ్యాహ్నం వకీలుగారు భోజనానికి మేడెక్కేసరికి గోడాఫీసరు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. సరిగ్గా ఆయన కుర్చీకీ లాయరమ్మ కుర్చీకీ మధ్యలో.

"మీరేంటండీ ఇక్కడ?" అంది లాయరమ్మ.

"మేడ మీద గోడకి శాంక్షన్ లేదండీ. అందుకని నేనొచ్చాను."

"అంటే?"

"మీరిద్దరూ ఎదురెదురు పక్షాలు. ఒకే బల్ల దగ్గర తింటున్నారు. మధ్యలో ఏదో ఒకటి ఉండాలిగా. ప్రస్తుతానికి గోడని నేనే అనుకోండి. మీ పాటికి మీరు మాట్లాడుకోండి, కేసు తప్ప."

లాయరమ్మ ఒక కంచం ఎక్కువ పెట్టింది. గోడకి ఆకలి బాగానే వేసింది.

"ఆ ఉప్పు ఇటివ్వు" అన్నాడు వకీలుగారు.

లాయరమ్మ గోడాఫీసరు వంక చూసింది. ఆయన కాస్త ఆలోచించాడు. "ఉప్పు సమాచారం కిందికి రాదు. ఇవ్వచ్చు."

మేస్త్రి చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఇదంతా వింటున్నాడు. "అమ్మాయ్, మా ఆఫర్ సంగతి ఏంటే?"

"నేను ఓనరు తరఫు నాన్నా. నన్నడక్కు."

"అల్లుడుగారూ, మీరు చెప్పండి."

"మావయ్యా, నేను బ్యాంకు తరఫు. ఈ దశలో ఏమన్నా అనడం అంటే, అనకుండా ఉండటం కన్నా..."

"నేను కొనేవాళ్ళ తరఫు నాన్నా" అంది చిన్నకూతురు, అడక్కుండానే.

మేస్త్రి ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. "మరి నా తరఫున ఎవరే?"

గోడాఫీసరు కూర వడ్డించుకుంటూ చెప్పాడు. "మీకు గది ఉందిగా."

"దానికి తలుపు లేదయ్యా."

"గది ఉందా లేదా?"

"ఉంది. లోపలికెళ్ళేది ఎట్లా?"

"అది వేరే ఫైలండీ."

మర్నాడు మేస్త్రి సొసైటీ ఆఫర్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గోడాఫీసరు తీసుకోలేదు. ఆఫర్ ఇచ్చేవాళ్ళు తమ పక్షానికి కేటాయించిన గది తలుపు గుండా లోపలికొచ్చి ఇవ్వాలని నిబంధన. "కిటికీలోంచి గాలి రావచ్చు. ఆఫర్ తలుపులోంచే రావాలి" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, మేస్త్రి వెంట ఉన్నవాళ్ళలో ఇద్దరు ఆయనకి థాంక్స్ చెప్పి మరీ వెళ్ళిపోయారు.

వకీలుగారి గది మధ్యలోది. అటు భార్య, ఇటు మరదలు. గోడలు కాంట్రాక్టరు శ్రద్ధ కొద్దీ కాస్త పల్చగా వచ్చాయి. మాటలు వినపడవు గానీ చప్పుళ్ళు వినపడతాయి.

ఓనరుగారి చెప్పులకి ఒక గుణం ఉంది. కుడికాలి చెప్పు కిర్రుమంటుంది, ఎడమది అనదు. కిర్రు, నిశ్శబ్దం, కిర్రు, నిశ్శబ్దం. ఎడమ పక్క గదిలోకి ఆయన వస్తే వకీలుగారికి తల ఎత్తకుండానే తెలిసేది. కాసేపటికి కిర్రుమంటూ బయటికి వెళ్ళేవాడు. వీధిలో ఆ చప్పుడు వకీలుగారి తలుపు ముందు నుంచి సాగిపోయేది. తర్వాత కుడి పక్క గది తలుపు తెరుచుకునేది. కిర్రు, నిశ్శబ్దం, కిర్రు, నిశ్శబ్దం.

మొదటిసారి వకీలుగారు ఊళ్ళో ఆ రకం చెప్పులు ఫ్యాషన్ అయ్యాయేమో అనుకున్నాడు. రెండోసారి కూడా అలాగే అనుకోవడానికి ప్రయత్నించాడు. ఆ తర్వాత ఆ చప్పుడు విన్నప్పుడల్లా రాస్తున్న పెన్ను కింద పెట్టి, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని కూర్చునేవాడు. తెలియకూడనిది తెలుసుకోకుండా ఉండటం ఆయన డ్యూటీ. ఆ డ్యూటీ అంత నిజాయితీగా చేసిన వకీలుని నేను ఇంకొకర్ని చూడలేదు.

మరదలు మాత్రం మెట్ల మీద పట్టుకుంది.

"బావా, మా క్లయింటు ఎంత స్టడీ చేశాడో తెలుసా? ఫ్యాక్టరీ గేటు దాటి ఒక్కసారైనా లోపలికెళ్ళలేదంటాడు. రెండో షెడ్డులో ఏ మూల కారుతుందో చెప్పాడు. నాన్న మిషను పిడి విరిగిందని కూడా తెలుసు."

"నాకు చెప్పకు."

"నీకెవరు చెప్తున్నారు? గోడతో చెప్పుకుంటున్నా."

రెండు మెట్ల పైనుంచి గోడాఫీసరు దగ్గాడు. "నాతో కూడా చెప్పకూడదమ్మా."

"అద్దాలు తీయడేంటి బావా, గదిలో కూడా?"

"కళ్ళ జబ్బు అయ్యుండే అవకాశాన్ని కొట్టిపారేయలేం" అని వకీలుగారు గబగబా మెట్లెక్కాడు.

ఆ సాయంత్రం లాయరమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతూ, మొగుడి వైపు తిరగకుండా, గిన్నెలతోనే అన్నట్టు అంది. "కొంతమంది క్లయింట్లు జేబులో నల్లద్దాలు ఎందుకు పెట్టుకుంటారో." అంతకన్నా అనలేదు. అంటే ఆవిడ కోటు ఊడిపోతుంది. క్లయింటు సంగతి బయటపెట్టిన వకీలుకి మళ్ళీ కోర్టు గడప తొక్కే అర్హత ఉండదు. వకీలుగారు విన్నట్టు ఒప్పుకుంటే ఆయనదీ ఊడుతుంది, కేంద్రం బోర్డూ ఊడుతుంది. వినకపోతే మేస్త్రి మిషను పాత ఇనుము అవుతుంది. ఆయన మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి, తుడిచి, మళ్ళీ కడిగాడు.

ఆఫర్ల గడువు అయిపోయింది. తలుపు గుండా వచ్చిన ఆఫర్ ఒక్కటే. నల్లద్దాలాయన బ్యాంకు అప్పులో నూటికి పది ఇస్తానన్నాడు. మిగతా తొంభై బ్యాంకు వదులుకోవాలి. దీన్ని బ్యాంకు భాషలో హెయిర్‌కట్ అంటారు. మామూలు మనుషులు దాన్ని గుండు అంటారు. పనివాళ్ళ ఆఫర్ అంతకి రెట్టింపు ఉందని మేనేజరుకి తెలుసా అంటే, తెలియదు. అది కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఆయన నల్లద్దాలాయనకే ఒప్పుకుని, అమ్మకం కాయితం రాయమని వకీలుగారికి చెప్పాడు.

వకీలుగారు మూడు రోజులు తలుపేసుకుని రాశాడు. బయటికొచ్చాక ఆయన నడకలో ఒక తేడా కనపడింది. కాయితం నిండా ఎప్పటిలాగే షరతులున్నాయి. వాటి మధ్యలో ఇరికించిన ఒక్క షరతు మాత్రం ఆయన జన్మలో మొట్టమొదటిసారి ఒక ఉద్దేశంతో రాసింది. 'అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ స్వయంగా, బహిరంగంగా, అందరి ఎదుట నిలబడి ఫ్యాక్టరీ తాళాలు ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకోవలెను.'

తను నోరు తెరవక్కర్లేదు. భార్య నోరు తెరవక్కర్లేదు. ఏ గోడా పగలదు. ఇద్దరు రావాల్సిన చోటికి ఒక్కడే వస్తాడు, ఊరంతా చూస్తుంది. వకీలుగారు ఆ రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. మేస్త్రి, "ఏమన్నా మంచి కబురా అల్లుడుగారూ" అని అడిగితే, "ఆశించడానికి పూర్తిగా వీల్లేదని చెప్పలేం మావయ్యా" అన్నాడు. ఆయన నోట అంత ధైర్యమైన మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

మంత్రిగారికి కాయితం చూపించారు. ఆ షరతు దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇది ఎవరు రాశారు?"

వకీలుగారు ఒక అడుగు ముందుకేశాడు. "రాసినట్టు భావించాల్సి వస్తే, నేనేనండి."

"బాగుంది. ఫొటోకి బాగుంటుంది."

ఆఫీసు ముందు ఖాళీ స్థలంలో వేదిక వేశారు. ఊరంతా వచ్చింది. ఏ పక్షం వాళ్ళు ఆ పక్షం గది తలుపులోంచే వేదిక దగ్గరికి రావాలన్నారు కాబట్టి మేస్త్రి పాత కిటికీ ఎక్కి, కాలు అటు వేసి, తలుపు లేని గదిలోకి దిగి, మళ్ళీ ఆ కిటికీలోంచే బయటికి చూస్తూ నిలబడ్డాడు. సొసైటీ ఆఫర్ చేతిలోనే ఉంది.

మంత్రిగారు మాట్లాడారు. ప్రాంతంలో తొలి సంపూర్ణ స్వదేశీ దివాలా ఇదేనన్నారు. పాత ఓనరుగారి త్యాగం చెప్తుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. కొత్త ఓనరుగారి సాహసం చెప్తుంటే మళ్ళీ తేటపడింది.

గోడాఫీసరు కాయితం విప్పి చదివాడు. "అమ్మేవారు వేదిక మీదికి రావాలి."

బావమరిదిగారు కిర్రుమంటూ వచ్చి వేదికకి ఎడమవైపు నిలబడ్డారు. ఎడమ చేతిలో తాళాల గుత్తి.

"కొనేవారు వేదిక మీదికి రావాలి."

వకీలుగారు కుర్చీ అంచుకి జరిగాడు. వేదిక మీదికి ఇంకెవరూ రాలేదు. వకీలుగారు భార్య వంక చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. మరదలు నోరు తెరుచుకుంది.

బావమరిదిగారు కుడిచేత్తో జేబులోంచి నల్లద్దాలు తీసి పెట్టుకున్నారు. నాలుగు అడుగులు వేసి వేదికకి కుడివైపు నిలబడ్డారు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు మధ్యకి వచ్చారు.

"అమ్మేవారు తాళాలు అందించాలి" అన్నాడు గోడాఫీసరు.

ఎడమ చెయ్యి ముందుకి సాగింది.

"కొనేవారు పుచ్చుకోవాలి."

కుడి చెయ్యి పుచ్చుకుంది. ఎంత హుందాగా పుచ్చుకుందంటే, ఎడమ చెయ్యి ఒక్క క్షణం బాధపడినట్టు కూడా అనిపించింది. తర్వాత రెండు చేతులూ కలుసుకున్నాయి. దూరం నుంచి చూసినవాళ్ళకి జనానికి నమస్కారం పెడుతున్నట్టుంది. జనం తిరిగి నమస్కారం పెట్టారు. ఫొటోలు తీశారు.

"షరతు నెరవేరింది" అని గోడాఫీసరు రాసుకున్నాడు. "గోడలకి ఎలాంటి నష్టం జరగలేదు."

"ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పచ్చు" అన్నారు మంత్రిగారు. "ఇది ప్రజాస్వామ్యం."

"నాకుంది" అని కిటికీలోంచి వినపడింది.

"కిటికీలోంచి వచ్చిన అభ్యంతరం..." అని గోడాఫీసరు మొదలుపెట్టాడు.

"మాట్లాడనీవయ్యా" అన్నారు మంత్రిగారు, విశాలంగా.

మేస్త్రి మంత్రిగారి వంక చూడలేదు. "అల్లుడుగారూ, నాకు చెవులు సరిగా లేవు గానీ కళ్ళు బాగానే ఉన్నాయి. అయినా చదువుకున్నవారు, మీరు చెప్పండి. ఆ ఇచ్చినవాడూ ఆ పుచ్చుకున్నవాడూ ఒక్కడేనా? తిరుగుడు మాటలొద్దు. అవునా, కాదా? ఆ మాట మీరంటే చాలు, అమ్మకం చెల్లదు." అని అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

మంత్రిగారు నవ్వారు. వకీలుగారు ఆ రెండు మాటల్లో ఏదీ అనలేడని ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే అడగనిచ్చారు.

వకీలుగారు లేచి నిలబడ్డాడు. బోర్డు వంక చూశాడు. లాయరమ్మ వంక చూశాడు. ఈసారి ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. పెళ్ళిచూపుల నాడు ఎలా చూసిందో అలాగే చూస్తోంది. కిటికీలో చెవి వెనక చెయ్యి అలాగే ఉంది. వకీలుగారు నోరు తెరిచాడు.

"అవును" అన్నాడు.

అంతే. ముందు ఏ పక్షమూ లేదు, వెనక ఏ షరతూ లేదు. కుడి చేతిలోంచి తాళాల గుత్తి జారి వేదిక మీద పడింది. మంత్రిగారు కూర్చోబోయి కుర్చీ ఎక్కడుందో వెతుక్కున్నారు. ముంచినవాడు కొనకూడదన్న రూలు ఎన్నో ఏళ్ళకి నిద్ర లేచి ఒళ్ళు విరుచుకుంది. తాపీ పనివాళ్ళు గడ్డపలుగులు పట్టుకొచ్చి నాలుగో గదికి అక్కడికక్కడే తలుపంత కంత కొట్టారు. మేస్త్రి ఆ కంతలోంచి నడిచొచ్చి, సున్నం దులుపుకుని, ఆఫర్ గోడాఫీసరు చేతిలో పెట్టాడు. గోడాఫీసరు లేచి నిలబడి తీసుకున్నాడు. నెల తిరక్కుండా ఫ్యాక్టరీలో ఊచలు వంచే మిషను మళ్ళీ మోగింది. మొదటి గొడుగు లాయరమ్మకిచ్చారు. వాన లేకపోయినా ఆవిడ దాన్ని వేసుకుని మొగుడి పక్కన బజారంతా నడిచింది.

ఇదీ జరిగింది.

మొదట్లో ఇందులో ఒక్క అక్షరం కూడా నా సొంతం కాదన్నాను కదా. లెక్క చూసుకుంటే మూడు తేలాయి. తలుపు లేని గది నేను కల్పించలేదు, పోయి చూసుకోవచ్చు, బోర్డు ఇప్పటికీ మెరుస్తూ ఉంటుంది. ఎడమ చేతి నుంచి కుడి చేతికి తాళాలు మారడం అసలే కల్పించలేదు, మంత్రిగారి ఆఫీసులో ఆ ఫొటో అద్దం కట్టించి పెట్టారు. చివరికి వకీలుగారు లేచి నోరు తెరిచిన మాట నిజం. మేస్త్రి చెవి వెనక చెయ్యి పెట్టుకుని, జనం వెళ్ళిపోయి కుర్చీలు సర్దేసే దాకా, ఆ కిటికీలో నిలబడ్డ మాట నిజం. మధ్యలో ఆ మూడక్షరాలే నావి.